ఘాట్ దిగేటప్పుడు బుల్లెట్ ఏం చెబుతుంది?

పలమనేరు నుంచి ఒక పాఠకుడు అడిగారు: "తాతగారి 350 బుల్లెట్‌ని మళ్లీ రోడ్డెక్కించాం. ఆయిల్ తాగేస్తోంది, పొగ కొడుతోంది. బోర్ కొట్టించాల్సిందే (సిలిండర్ లోపలి గోడ కోయించాల్సిందే) అంటున్నారు. నిజమేనా?"

నీలం పొగ అయితే ఆయిల్, నలుపు అయితే పెట్రోలు ఎక్కువ. ఇది చాలామందికి తెలుసు. పొగ ఎప్పుడు వస్తోందో ఎవరూ చూడరు, అసలు గుట్టంతా అక్కడే ఉంది.

బ్రేకులు సరిచూసుకుని చిత్తూరు వైపు మొగిలి ఘాట్ దిగండి. బండి గేర్లోనే ఉండాలి, యాక్సిలేటర్ పూర్తిగా వదిలేయాలి. కిందికొచ్చి రేస్ ఇవ్వగానే వెనక నీలిపొగ గుప్పుమంటే నా మొదటి అనుమానం ఇన్‌లెట్ వాల్వ్ గైడ్ (పెట్రోలు, గాలి లోపలికి వదిలే వాల్వ్ కాడ జారే గొట్టం) మీదే.

ఎందుకంటారా? సిలిండర్ వెడల్పు (బోరు) 70 మి.మీ., పిస్టన్ ప్రయాణం (స్ట్రోకు) 90 మి.మీ. పిస్టన్ దిగిన ప్రతిసారీ 346 సీసీల చోటు తెరుచుకుంటుంది. 3000 ఆర్‌పీఎంలో, రెండు చుట్లకోసారి చొప్పున, సెకనుకు 25 సార్లు పీలుస్తుంది. కార్బురేటర్ స్లైడు మూసి ఉంది, గాలి చాలదు, పోర్టులో, అంటే వాల్వుకు ముందున్న గాలి దారిలో, పీడనం పడిపోతుంది. గైడుకు పైన, వాల్వులను నొక్కే రాకర్ల దగ్గర మాత్రం దాదాపు వాతావరణ పీడనమే: చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో. బొండంలో స్ట్రా పెట్టి పీలిస్తే నీళ్లను పైకి నెట్టేది బయటి గాలే కదా! ఇక్కడ వాల్వ్ కాడకూ గైడుకూ మధ్య సందే స్ట్రా, రాకర్ల మీద పారే ఆయిలే బొండం నీళ్లు. దిగేటప్పుడు సిలిండర్లో మంట సరిగ్గా అంటుకోదు, ఆయిల్ పేరుకుంటుంది. రేస్ ఇవ్వగానే కాలి పొగవుతుంది.

ఇక స్ట్రా వెడల్పు. సన్నటి సందులో ప్రవాహం సందు వెడల్పు ఘనానికి అనులోమంగా, స్నిగ్ధతకు (చిక్కదనానికి) విలోమంగా ఉంటుంది. సందు రెట్టింపైతే ఆయిల్ 8 రెట్లు దిగుతుంది. స్నిగ్ధతను రెట్టింపు చేసినా అందులో సగమే తగ్గుతుంది, ఇంకా 4 రెట్లు మిగిలే ఉంటుంది. చిక్కటి ఆయిల్ పోస్తే సరిపోతుందనే సలహా అందుకే నిలవదు. అరిగిన గైడు, వాల్వు పిల్లల చేతికిచ్చి కదిపి చూడమంటే ఈ సూత్రం జన్మలో మరిచిపోరు. బడిలో బోర్డు మీద రాసి వదిలేస్తున్నాం.

నెలల తరబడి నిలిపిన బండికి కాణిపాకంలో పూజ చేయించి, కిక్కు కొట్టగానే పొగ కమ్మేసిందా? అపశకునమని భయపడకండి. ఈ పాత బుల్లెట్‌లో ఆయిల్ గది క్రాంక్‌కేస్‌లోనే (ఇంజన్ కింది పెట్టెలోనే) ఉంటుంది. నిలిపి ఉంచితే పంపు సందుల్లోంచి ఆయిల్ క్రాంక్ కిందికి జారుతుంది, డిప్‌స్టిక్ తక్కువ చూపిస్తుంది. కిక్కు కొట్టగానే అదే సిలిండర్లోకి ఎగిరి పొగవుతుంది. అప్పుడే పోసేయొద్దు. కాసేపు నడిస్తే రిటర్న్ పంపు వెనక్కి తోడుతుంది, అప్పుడు కొలవండి.

ఘాట్ ఎక్కేటప్పుడు పొగ వచ్చి, బ్రీదర్ పైపు (క్రాంక్‌కేస్ గాలి బయటికి పోయే గొట్టం) గట్టిగా ఊదుతుంటే అరిగింది పిస్టన్ రింగులు, బోరు. ప్లగ్ రంధ్రంలో చెంచా ఆయిల్ పోస్తే కంప్రెషన్ పెరిగిందా, అదీ వాటి పనే. అరిగిన ఆయిల్ రింగు దిగుడులోనూ పీల్చగలదు కాబట్టి హెడ్ విప్పి చూడాలి. ఇన్‌లెట్ వాల్వ్ వెనక తడిగా, నల్లగా మడ్డి కట్టి ఉండి, వాల్వు గైడులో అటూఇటూ ఊగుతుంటే గైడు మార్పించి, వాల్వు కూర్చునే సీటు మళ్లీ కోయించండి. కొత్త గైడు నడిమధ్యకు పాత సీటు అతకదు. బోరు బాగుంటే దాని జోలికి వెళ్లక్కర్లేదు.