వజ్రపు ఎలక్ట్రోడ్లతో నీటి శుద్ధి: అపోహలు - వాస్తవాలు

తొలకరి పడిందంటే జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు చేలల్లో జనం తలలు వంచుకుని వజ్రాల కోసం వెతుకుతారు. అందుకే నేను అనంతపురంలో వజ్రపు ఎలక్ట్రోడ్లతో, అంటే నీళ్లలోకి కరెంటు పంపే వజ్రపు పూత పలకలతో, అద్దకంలో వాడి వదిలేసిన నీళ్లు శుద్ధి చేస్తానని చెప్పగానే ముందొచ్చే ప్రశ్న ఎప్పుడూ ఒకటే.

అపోహ: మన చేలల్లో దొరికే వజ్రాలే అందులో వాడతారు.

కాదు. హైడ్రోజన్‌లో కొద్దిగా మీథేన్ కలిపి బాగా వేడి చేస్తే నియోబియం లేదా సిలికాన్ పలక మీద కొన్ని మైక్రాన్ల మందాన వజ్రపు పొర పేరుకుంటుంది. మెరుపేమీ ఉండదు, మసి రంగులో గరుకుగా ఉంటుంది. వజ్రంలోంచి కరెంటు పోదన్న మాట నిజమే. అందుకే కరెంటు పోయేలా పొర పెరిగేటప్పుడే బోరాన్ కలుపుతారు.

అపోహ: కరెంటు పెంచితే పని త్వరగా అవుతుంది.

ఈ పలక మీద నీటి అణువు విరిగి హైడ్రాక్సిల్ రాడికల్ అనే చాలా చురుకైన ముక్క పుడుతుంది. వజ్రం దాన్ని గట్టిగా పట్టి ఉంచదు. అందుకే అది ఎదురైన సేంద్రియ పదార్థాన్ని విరగ్గొట్టుకుంటూ పోతుంది, వీలైతే కార్బన్ డయాక్సైడ్ దాకా. కానీ అది బతికేది నానోసెకన్లే. పలకను ఆనుకున్న పల్చటి నీటి పొర దాటి రాలేదు, మురికే అక్కడికి చేరాలి. చేరే వేగాన్ని మించి కరెంటిస్తే మిగిలిందంతా ఆక్సిజన్ బుడగలకే ఖర్చవుతుంది. ముందు పంపు వేగం చూసుకోండి. లెక్క ప్రకారం కిలో సీఓడీ (నీళ్లలోని మురికిని పూర్తిగా ఆక్సీకరించడానికి కావలసిన ఆక్సిజన్, మురికికి కొలత) తగ్గించడానికి కనీసం 3,350 ఆంపియర్ అవర్లు కావాలి. 5 వోల్టుల దగ్గర అది దాదాపు 17 యూనిట్లు. కరెంటు కొంచెం కూడా వృథా కాకపోతేనే ఆ లెక్క. ఎప్పుడూ అంతకన్నా ఎక్కువే అవుతుంది.

అపోహ: మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ కూడా పోతుంది.

మన జిల్లాలో ఈ ప్రశ్నకు లేదని చెప్పాల్సి రావడం నాకు బాధగా ఉంటుంది. ఫ్లోరైడ్ అయాన్‌లో విరగ్గొట్టడానికి ఏమీ లేదు. దానికి యాక్టివేటెడ్ అల్యూమినా, ఆర్వో లాంటివే దారి.

అపోహ: రంగు పోయిందంటే నీళ్లు శుభ్రమైనట్టే.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. ధర్మవరం నుంచి పట్టునూలు అద్దకం చేసే ఒక పెద్దాయన క్యానులో కుంకుమ రంగు నీళ్లు తెచ్చారు. కాసేపటికే బీకర్‌లో నీళ్లు తేటపడ్డాయి. "అయిపోయినట్టే కదా సార్" అన్నారాయన సంతోషంగా. కాసేపు ఆగమని సీఓడీ పరీక్ష మొదలుపెట్టాను. డైక్రోమేట్, ఆమ్లం కలిపి 150 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉడికించి, చల్లారాక టైట్రేషన్ చేశాను, అంటే రంగు మారేదాకా మరో ద్రావణం చుక్కచుక్కగా కలిపి కొలిచాను. నీలిపచ్చ రంగు ఒక్క చుక్కతో ఇటుక రంగుకు తిరిగింది. సీఓడీ సగానికి కూడా తగ్గలేదు. చాలా రంగుల్లో ఉండే అజో బంధం (రెండు నైట్రోజన్ పరమాణువుల మధ్య బంధం) తొందరగా తెగుతుంది, దాంతో కంటికి రంగు కనపడదు. కానీ తెగిన ముక్కలు నీళ్లలోనే ఉంటాయి. వాటిలో అనిలిన్ లాంటి విషపూరిత అమీన్లు కూడా ఉండొచ్చు. ఆ మాట చెప్పేసరికి పెద్దాయన బీకర్‌ను వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూశారు.

అపోహ: కరెంటే కదా, మందులేవీ కలపరు గనక హాని ఉండదు.

మన నీళ్లలో ఉప్పు ఎక్కువ, అద్దకంలో ఇంకా కలుపుతారు. ఆ క్లోరైడ్ ముందు క్లోరిన్‌గా, తర్వాత క్లోరేట్‌గా, వజ్రం మీదైతే పెర్‌క్లోరేట్ దాకా వెళ్తుంది. పెర్‌క్లోరేట్ థైరాయిడ్ గ్రంథికి అయోడిన్ అందకుండా అడ్డుపడుతుంది. సేంద్రియ పదార్థం అయిపోవచ్చే కొద్దీ అది ఎక్కువగా పుడుతుంది. ఆఖరి చుక్క దాకా వజ్రంతోనే లాగుదామనుకుంటే జరిగేది ఇదే. అందుకే మేము సూక్ష్మజీవులు తినగలిగే స్థాయికి ముక్కలు చిన్నవి కాగానే కరెంటు ఆపేసి, క్లోరిన్ మిగల్లేదని చూసుకుని, నీళ్లను బ్యాక్టీరియా ట్యాంకులోకి వదులుతాం.