సినిమా ఉండగా కథెందుకు?

చిరంజీవులకు ఆశీస్సులు.

"క్లాసులో సినిమా ఎలాగూ చూపిస్తారట, ఇంక కథ చదవడమెందుకు తాతయ్యా?" అని ఫోన్‌లో అడిగారు కదా. మీ టీచరు ఎంచుకున్నది హిందీ రచయిత ప్రేమ్‌చంద్ 1924లో రాసిన 'శత్రంజ్ కే ఖిలాడీ', అంటే 'చదరంగం ఆటగాళ్ళు', అన్నారు. మంచి కథ పట్టారు ఆవిడ.

మీర్, మిర్జా అని లక్నోలో ఇద్దరు జాగీర్దార్లు. చదరంగం పిచ్చోళ్ళు. ఇంట్లో ఆడనివ్వకపోతే గోమతి అవతల పాడుబడ్డ మసీదుకి పోయి ఆడతారు. తమ నవాబుని ఇంగ్లీషు సైన్యం పట్టుకుపోతున్నా ఆట ఆగదు. చివరికి ఒక ఎత్తు దగ్గర మాటా మాటా పెరిగి, తాతముత్తాతల దాకా పోయి, కత్తులు దూసి ఇద్దరూ చస్తారు.

సత్యజిత్ రాయ్ తీసిన 1977 సినిమాలో ఇద్దరూ బతికే ఉంటారు! మీర్ పిస్తోలు పేలుతుంది గానీ మిర్జాకి ఏమంత దెబ్బ తగలదు. కాసేపటికి మళ్ళీ ఆటకి కూర్చుంటారు, ఈసారి ఇంగ్లీషు పద్ధతిలో, మంత్రి చోట రాణిని పెట్టి. అప్పట్లో ఇంగ్లండుని ఏలుతున్నది విక్టోరియా రాణి అని గుర్తుపెట్టుకోండి. ప్రేమ్‌చంద్ వాళ్ళని శిక్షించాడు, రాయ్ వదిలేశాడు. నాకు ఆ వదిలేయడమే ఎక్కువ గుచ్చుకుంటుంది. మీ బామ్మ మాత్రం ఒప్పుకోదు, కత్తులే న్యాయం అంటుంది.

ఇంకోటి చూడండి. ఊరంతా విలాసాల్లో మునిగిపోయిందని రచయిత నాలుగు వాక్యాల్లో తేల్చేస్తాడు. కెమెరాకి ఆ వీలు లేదు, ప్రతిదీ చూపించాలి. అందుకే రాయ్ అమితాబ్ గొంతుతో వ్యాఖ్యానం చెప్పించాడు, ఈస్టిండియా కంపెనీ మన రాజ్యాలని చెర్రీ పళ్ళలా మింగడాన్ని బొమ్మలతో చూపించాడు. కథలో నీడలా ఉండే నవాబు వాజిద్ అలీ షాకి సినిమాలో అంజాద్ ఖాన్ ముఖం వచ్చింది. పాటలు కట్టే ఆ రాజు 1856లో సింహాసనం పోగొట్టుకుంటుంటే జాలేస్తుంది. కథలో అతని మీద మనకి అంత జాలి కలగదు.

అదే 1977లో మృణాల్ సేన్ ప్రేమ్‌చంద్ ఇంకో కథ 'కఫన్'ని తెలుగులోనే 'ఒక ఊరి కథ'గా తీశాడు. అది కాస్త పెద్దయ్యాక చూద్దురుగాని.

ఇప్పటికి ముందు కథ చదవండి. మసీదులో గొడవ మొదలవగానే పుస్తకం మూసి, ముగింపు మీరే రాసి నాకు పంపండి. సినిమా ఆ తర్వాతే.

మీ తాతయ్య