కాశీలో అవతలి ఒడ్డున ఇళ్ళెందుకు లేవు?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మేము పంపిన ఫొటో చూసి మీలో చిన్నది మంచి ప్రశ్న అడిగింది. కాశీలో ఇవతలి ఒడ్డున మేడలు, గుళ్ళు కిక్కిరిసి ఉండగా, అవతలి ఒడ్డున ఒక్క ఇల్లయినా లేకుండా ఇసుకే ఉందేమని కదా? నేనూ మీ బామ్మా కేదార ఘాట్ దగ్గర దిగిన పాత ఇంటి డాబా మీద నుంచి తీసిన ఫొటో అది. ఆ ఇంటివారు తాతల నాటి నుంచి యాత్రికులకు గదులిస్తున్నారు. వచ్చినవారికి ముందు మంచినీళ్ళు, ఆ తరువాతే ఊరూ పేరూ అడగడం.

మీరు బస్సులో నిలబడి ఉండగా అది పెద్ద మలుపు తిరిగితే ఏమవుతుంది? జనమంతా మలుపు బయటి వైపుకు ఒరుగుతారు, లోపలి వైపు ఖాళీ అవుతుంది. ఉత్తరానికి పారే గంగ కాశీ దగ్గర విల్లులా వంగి తూర్పు వైపుకు మలుపు తిరుగుతుంది కనుక, వడిగల నీరంతా పడమటి ఒడ్డును ఒరుసుకుంటూ పోతుంది. అందుకే అక్కడ లోతెక్కువ, పడవలు మెట్ల దాకా వస్తాయి. తూర్పున నీరు నెమ్మదించి, ఇక మోయలేని ఇసుకను, ఖాళీ అయిన చోట సంచులు దింపుకున్నట్టు, అక్కడే దింపేస్తుంది. మరి అంతమంది మీద పడినా పడమటి ఒడ్డు ఎందుకు కూలలేదు? బస్సులో కమ్మీని గట్టిగా పట్టుకున్నవాడు పడడు కదా! ఆ ఒడ్డు సున్నపుగడ్డలు కలిసి బిగిసిన గట్టి మన్ను. దానిపైన 18వ శతాబ్దంలో మరాఠా ప్రభువులు ఎన్నో రాతి ఘాట్‌లు కట్టించారు.

మా చిన్నతనంలో మేనత్తగారి లంకలో గట్టుకు అంత బలం లేదు. వరద తీసేసరికి కాయలతో ఉన్న కొబ్బరిచెట్లు మట్టితో సహా గోదావరిలోకి ఒరిగిపోయేవి, ఎదుటి ఒడ్డున ఇసుక మేట వేసేది. పెద్దలు ఏటిని తిట్టేవారు కారు. పాకను వెనక్కు జరుపుకునేవారు. ఏటికి దాని చోటు వదలాలన్న ఆ బుద్ధి మీకూ ఉండాలని నా కోరిక.

మేము దిగిన ఇంటివారికి అది బాగా తెలుసు. శ్రావణ భాద్రపదాల్లో కింది గదులు ఎవరికీ ఇవ్వరు. 1978లో గంగ సముద్ర మట్టం నుంచి లెక్కిస్తే 73.901 మీటర్లకు, అంటే 71.262 మీటర్ల ప్రమాద స్థాయిని దాటి రెండున్నర మీటర్లకు పైగా ఎక్కింది. మెట్ల దారిలో దీపపు గూటి కింద గోడ రంగు మారిన చోటును ఇంటి పెద్దావిడ చూపించారు. తడిమితే రాళ్ళ సందులోని సన్నటి ఒండ్రు నా వేలికి అంటింది. ఏటా వరద తీశాక ఘాట్‌ల మీద పేరుకున్న ఒండ్రును పంపులతో నీళ్ళు కొట్టి మళ్ళీ గంగలోకే పంపుతారట.

గంగ సరిగ్గా అక్కడే ఎందుకు మలుపు తిరిగిందో చెప్పాలంటే నేల పొరల దగ్గర మొదలుపెట్టాలి. అదంతా ఇప్పుడు వద్దు. ఎదుట గోడ గానీ చెట్టు గానీ లేనందువల్ల పొద్దు ఇసుక మీద నుంచి లేచి, తొలి కిరణం తిన్నగా స్నానం చేసేవారి దోసిళ్ళలో పడుతుంది. ఆ ఏర్పాటుకు నాకు ఆశ్చర్యం ఇంకా తీరలేదు.

ఈ ఆదివారం నాన్నను వెంటబెట్టుకుని పంటకాలువ మలుపు దగ్గరకు వెళ్ళండి. రెండు ఎండుటాకులు, ఒకటి ఇటు, ఒకటి అటు నీళ్ళలో వదలండి. ఏది ముందు పోయిందో, ఏ గట్టు కోసుకుపోయిందో, ఏ గట్టున ఇసుక ఉందో చూసి నాకు రాయండి.

మీ తాతయ్య