పిల్లల తత్వశాస్త్రం కథల్లోకి ఎలా వచ్చింది?

చిన్న వయసులో తర్కం రుచి చూపిస్తే కుర్రాళ్లు కుక్కపిల్లల్లా దొరికిన ప్రతిదాన్నీ పీకి పెడతారని ప్లేటో ‘రిపబ్లిక్‌’లో హెచ్చరించాడు. ఆ భయం శతాబ్దాలు నిలిచింది. సుమారు 11, 12 ఏళ్లు వస్తేగానీ పిల్లలకు అమూర్తమైన ఆలోచన అందదని 20వ శతాబ్దంలో స్విస్ మనస్తత్వవేత్త పియాజే చెప్పడంతో దానికి సైన్సు అండ కూడా దొరికింది.

1960ల చివర్లో ఈ ధోరణి మారింది. కొలంబియా యూనివర్సిటీలో తర్కశాస్త్రం చెప్పే మాథ్యూ లిప్‌మన్‌కి, కాలేజీకొచ్చాక ఆలోచించడం నేర్పితే అప్పటికే ఆలస్యమైపోతోందనిపించింది. పిల్లల కోసం నవల రాశాడు. అందులో హ్యారీ క్లాసులో పరధ్యానంగా ఉన్నప్పుడు, పొడవాటి తోకతో 77 ఏళ్లకోసారి సూర్యుణ్ని చుట్టి వచ్చేదేమిటని టీచర్ అడుగుతారు. గ్రహాలన్నీ సూర్యుడి చుట్టూ తిరుగుతాయన్నది గుర్తొచ్చి ‘గ్రహం’ అనేస్తాడు. జవాబు తోకచుక్క కాబట్టి క్లాసంతా నవ్వుతుంది. ఎక్కడ పొరపాటు పడ్డానా అని తవ్వుకుంటూ పోతే అతనికి తడుతుంది: గ్రహాలన్నీ తిరుగుతాయి నిజమే, అలాగని తిరిగేవన్నీ గ్రహాలు కావు.

ఇది అరిస్టాటిల్ తర్కమే. అయినా లిప్‌మన్ తత్వవేత్తల పేర్లు ఎత్తడు. బొమ్మలూ వేయించలేదు, ఊహించుకోవడం పిల్లల పనేనని. 1974లో ఆన్ మార్గరెట్ షార్ప్‌తో కలిసి న్యూజెర్సీలోని మాంట్‌క్లెయిర్ స్టేట్ కాలేజీలో ఒక సంస్థ పెట్టాడు. అక్కడి పద్ధతిలో పిల్లలు కథను వంతులవారీగా పైకి చదువుతారు. వాళ్లకొచ్చిన ప్రశ్నల్ని, అడిగినవాళ్ల పేర్లతో సహా, టీచర్ బోర్డు మీద రాస్తారు. చర్చ అక్కణ్నుంచే మొదలవుతుంది. ఈ చిన్న ఏర్పాటే ఆ నవలలకు ప్రాణమని నా అభిప్రాయం.

పియాజే మాటను గట్టిగా ఎదిరించింది అమెరికన్ తత్వవేత్త గారెత్ మాథ్యూస్. 1980లో వచ్చిన ఆయన పుస్తకం, గిన్నె నాకుతూ తండ్రిని ప్రశ్నించిన ఓ ఆరేళ్ల పిల్లాడితో మొదలవుతుంది: “నాన్నా, ఇదంతా కల కాదని ఎలా తెలుస్తుంది?”

1991లో నార్వే టీచర్ యూస్టెయిన్ గార్డర్ ‘సోఫీస్ వరల్డ్‌’ నవలతో వేరే దారి పట్టాడు. 14 ఏళ్ల సోఫీకి పోస్టుడబ్బాలో ‘నువ్వెవరు?’ అన్న చీటీ దొరుకుతుంది. అక్కణ్నుంచి సోక్రటీసు కంటే ముందువాళ్లతో మొదలై తత్వవేత్తలంతా పేర్లతో సహా వరసగా వస్తారు. ఆ నవల దాదాపు 60 భాషల్లోకి వెళ్లింది. చాలామందికి తత్వశాస్త్రం మీద మొదటి ఇష్టం కలిగించింది కూడా అదే. కాకపోతే మధ్యమధ్య ఆమెకు పాఠాలు చెప్పే గురువు మాట్లాడుతుంటే సోఫీ వింటూ కూర్చోవాల్సి వస్తుంది. లిప్‌మన్ నవలల మీదా విమర్శ ఉంది, పాఠం కోసం అల్లిన కథలని. ఆ అసంతృప్తితోనే 1990లలో పిల్లలకు తత్వశాస్త్రం నేర్పే కారిన్ మరిస్ లాంటివాళ్లు ఆయన వద్దనుకున్న బొమ్మల పుస్తకాలనే క్లాసులోకి తెచ్చారు. పాఠం చెప్పాలని కాకుండా కథగానే రాసిన పుస్తకాలవి.