ఇంటి పండ్ల జామ్, స్క్వాష్: అపోహలు - వాస్తవాలు

ఉద్దానం తోటల్లో మార్చి నుంచి మే దాకా జీడి పిక్క తీసుకుని పండును చెట్టు కిందే వదిలేస్తారు. పర్లాకిమిడి, రాయగడ వైపు పెరటి జామకాయలూ చాలావరకు రాలిపోయి కుళ్లిపోతాయి. వాటిని సీసాకెక్కించాలంటే కొన్ని నమ్మకాలు పక్కన పెట్టాలి.

అపోహ: జామ్‌కి మెత్తగా మగ్గిన పండే మంచిది.

వాస్తవం: జామ్‌ని బిగించేది పెక్టిన్. దోరకాయలో అది గట్టిగా ఉంటుంది, పండు మగ్గేకొద్దీ విరిగిపోతుంది. మూడు వంతులు పండినవి, ఒక వంతు దోరవి తీసుకోండి. అనాసలో పెక్టిన్ తక్కువ కాబట్టి ఒంటరిగా వండితే పాకంలా జారుతుంది; కిలో అనాస గుజ్జుకి పావుకిలో జామ గుజ్జయినా కలపాలి.

అపోహ: థర్మామీటర్ 105 డిగ్రీలు చూపిస్తే జామ్ అయినట్టే.

వాస్తవం: పలాసలో సరే, కొండల మీదున్న కోరాపుట్‌లో కాదు. సుమారు 300 మీటర్ల ఎత్తుకి నీళ్లు మరిగే వేడి ఒక డిగ్రీ తగ్గుతుంది. కోరాపుట్‌లో నీళ్లు 97 దగ్గరే మరుగుతాయి, అక్కడ జామ్ 102కే దించాలి. 105 దాకా ఆగితే బంకలా సాగి, చల్లారాక పంచదార గడ్డకడుతుంది. ముందు మామూలు నీళ్లు మరిగించి చూసుకుని, దానికి 5 కలుపుకోండి.

మేం అంతకంటే ఎక్కువగా నమ్మేది తూకాన్ని. ఖాళీ గిన్నె బరువు రాసుకోండి. గింజలు వడకట్టిన జామ గుజ్జు కిలో, పంచదార 750 గ్రాములు, నిమ్మఉప్పు 5 గ్రాములు. పెద్ద మంట మీద అడుగంటకుండా కలుపుతూ, గిన్నె బరువు పోను 1250 గ్రాములు మిగిలినప్పుడు దించేయాలి. ఏ ఊళ్లోనైనా ఈ లెక్క మారదు. నిమ్మఉప్పు చివర్లో వేయండి. పులుపుతో ఎక్కువసేపు మరిగితే పెక్టిన్ దెబ్బతిని జామ్ పలచనవుతుంది.

అపోహ: పంచదార రుచికే, సగం వేసినా నిల్వ ఉంటుంది.

వాస్తవం: పూర్తయిన జామ్‌లో కరిగిన పదార్థం 65 నుంచి 68 శాతం ఉంటేనే బూజుకి నీరు అందదు. తక్కువ తీపి కావాలంటే కొద్దిగా చేసుకుని ఫ్రిజ్‌లో పెట్టుకోండి. బూజు పట్టిన సీసాని పై పొర తీసేసి వాడొద్దు, మొత్తం పారేయండి.

అపోహ: జీడిపండు రసం గొంతు పట్టేస్తుంది, తాగడానికి పనికిరాదు.

వాస్తవం: ఆ వగరు టానిన్లది, దాన్ని దించొచ్చు. విటమిన్ సి నారింజలో కంటే నాలుగైదు రెట్లు ఉన్న పండుని పారేయడం మాకు నిజంగా బాధ. ఆ రోజు రాలిన, పగలని పండ్లే ఏరండి, మర్నాటికి పులిసిపోతాయి. పిక్కని మెలితిప్పి తీయండి, కోస్తే పెంకు నూనె రసంలో దిగి నోరు పొక్కుతుంది. ఇనప కత్తి, ఇనప గిన్నె తగిలితే రసం నల్లబడుతుంది, స్టీలే వాడాలి.

లీటరు రసానికి 5 గ్రాముల సగ్గుబియ్యం పొడిని కాసిని నీళ్లలో జావలా ఉడికించి, చల్లార్చి కలపండి. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే టానిన్లు అడుగుకి చేరతాయి. పైన తేరిన రసం మాత్రమే వంచుకోవాలి.

స్క్వాష్‌కి ఆ తేట రసం లీటరుకి 1.75 కిలోల పంచదార, లీటరు నీళ్లు, 35 గ్రాముల నిమ్మఉప్పు. పాకం కాచి వడకట్టి, పూర్తిగా చల్లారాకే రసం కలపాలి. తాగేటప్పుడు ఒకటికి మూడు వంతుల నీళ్లు.

అపోహ: నిల్వ మందు ఏదైనా ఒకటే, చిటికెడు వేస్తే చాలు.

వాస్తవం: పై స్క్వాష్ మొత్తానికి పొటాషియం మెటాబైసల్ఫైట్ 2 గ్రాములు, చిన్న తక్కెడలో తూచి, చెంచా నీళ్లలో కరిగించి కలపండి. ఉబ్బసం ఉన్నవాళ్లకి ఇది పడకపోవచ్చు, సీసా మీద రాసి పెట్టండి. నేరేడు రసానికి మాత్రం వాడొద్దు, రంగు వెలిసిపోతుంది. దానికి కిలో స్క్వాష్‌కి 0.6 గ్రాముల సోడియం బెంజోయేట్.

అపోహ: సీతాఫలంతోనూ జామ్ చేయొచ్చు.

వాస్తవం: వేడి తగిలితే ఆ గుజ్జు చేదెక్కుతుంది. పచ్చిగానే గింజలు తీసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టుకుని, ఐస్‌క్రీమ్‌లోకో మిల్క్‌షేక్‌లోకో వాడుకోండి.