చవకైన టీని సముద్రంలో ఎందుకు పారబోశారు?

చిరంజీవులైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. మీలో చిన్నది మొన్న ఫోనులో ఒక ప్రశ్న వేసింది: "బోస్టన్ వాళ్ళు ఓడల్లోని టీని సముద్రంలో పారబోశారట కదా, అది మునుపటికంటే చవకైన టీ అని మా టీచరు చెప్పారు. చవకగా వస్తుంటే ఎందుకు పారబోశారు తాతయ్యా?" పన్ను భారం మోయలేకనే అమెరికా తిరగబడిందని పెద్దవాళ్ళలోనే చాలామంది అనుకొంటారు గనుక, ఈ ప్రశ్నకు తీరిగ్గా జవాబు రాయాలనిపించింది.

నా చిన్నతనంలో మా వీధి చివర ఒక బావి ఉండేది. మా తాతల నాడు వీధివాళ్ళే తలా ఒక చెయ్యి వేసి తవ్వుకొన్నది. ఎండాకాలంలో అడుగున చేరే ఒండ్రు తీయడానికి పెద్దవాళ్ళు దిగితే, మేము గట్టుమీద బోర్లా పడుకొని, ఇసుకలోంచి ఊట బుసబుస పైకి రావడం చూసేవాళ్ళం. ఆ బావి దగ్గరకు ఒకనాడు ఎవరో అధికారి వచ్చి, "ఇకమీదట బిందెకు ఒక కానీ చెల్లించండి, పక్క ఊళ్ళో కొనుక్కోవడం కంటే చవకే కదా" అన్నాడనుకోండి. కానీ అంటే అప్పటి చిన్న నాణెం, పెద్ద సొమ్మేమీ కాదు. అయినా మా నాయనమ్మ మాత్రం ఇచ్చి ఉండేది కాదు. ఒక్కసారి ఆ కానీ అతని చేతిలో పెట్టామంటే బావి అతనిదేనని మన నోటితో మనమే ఒప్పుకొన్నట్టు. ఈ రోజు కానీ అడిగినవాడు రేపు అణా అడగవచ్చు, ఆ తరువాత బావికి తాళమే వేయవచ్చు.

1773 డిసెంబరు 16 రాత్రి బోస్టన్ రేవులో 342 టీ పెట్టెలను నీళ్ళపాలు చేసినవారి ఆలోచన కూడా ఇదే. ఆ ఏడాది చేసిన చట్టం వల్ల ఈస్టిండియా కంపెనీ టీ చవకైన మాట నిజమే గాని, పౌను బరువుకు మూడు పెన్నీల సుంకం అలాగే ఉండిపోయింది. ఆ సుంకం విధించిన లండన్ పార్లమెంటులో, బ్రిటన్ ఏలుబడి కింద అమెరికాలో ఉన్న పదమూడు వలసల తరఫున ఒక్క సభ్యుడైనా లేడు. అంతకుముందు 1765లో వార్తాపత్రికల మీద, దస్తావేజుల మీద, చివరకు పేకముక్కల మీద కూడా స్టాంపు పన్ను వేసి, గొడవ ముదిరేసరికి మరుసటి ఏడాది రద్దు చేసినప్పుడు సైతం, వలసలపై అన్ని విషయాల్లోనూ చట్టాలు చేసే అధికారం తమకుందని పార్లమెంటు వేరే చట్టం రాసిపెట్టుకొంది. పన్ను వదులుకొన్నారు, హక్కు మాత్రం వదులుకోలేదన్నమాట. ఆ టీ పంపిన ఈస్టిండియా కంపెనీ మనకు పరాయిది కాదు సుమా. 1766లో నిజాంతో ఒప్పందం చేసుకొని మన ఉత్తర సర్కారులను, అంటే కోస్తా జిల్లాలను, చేజిక్కించుకొన్నది కూడా ఇదే.

మొదట్లో వలసవారు తాము ఇంగ్లండు ప్రజలమేనని, రాజులిచ్చిన పత్రాలు తమ దగ్గర ఉన్నాయని వాదించారు. 1774లో పార్లమెంటు, బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ వలస పత్రాన్నే మార్చివేసింది. కాగితం ఇచ్చిన హక్కును కాగితమే లాక్కోగలదని అప్పుడు తెలిసివచ్చింది. బావికి పట్టా ఎవరైనా రాయవచ్చు, కాని ఊటను ఏ పట్టా పుట్టించింది? 1689 నాటికే జాన్ లాక్ అనే ఇంగ్లీషు తత్త్వవేత్త ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి ప్రతి మనిషికీ పుట్టుకతో వచ్చే హక్కులని రాసి ఉన్నాడు. 1776 జులై 4న ఫిలడెల్ఫియాలో ఆమోదించిన స్వాతంత్ర్య ప్రకటనలో థామస్ జెఫర్సన్ ఆస్తికి బదులు ఆనందాన్వేషణ అని రాశాడు. ప్రభుత్వమనేది ఆ ఊటను పైకి తెచ్చుకోవడానికి మనం బిగించుకొన్న గిలక, చేంతాడు వంటిది. అది చివికిపోతే మార్చుకొనే అధికారం నీళ్ళు తోడుకొనేవారిదేనని ఆ ప్రకటన సారాంశం. చెప్పినంత తేలికగా అది జరగలేదు. 1775లో మొదలైన యుద్ధం ముగిసి, బ్రిటన్ ఒప్పందం మీద సంతకం చేసేసరికి 1783 వచ్చింది.

మా బావి గురించి ఇంకొక మాట కూడా రాయాలి. గట్టుకు దూరంగా ఖాళీ కుండలతో కొందరు నిలబడి ఉండేవారు. ఎవరికైనా దయ కలిగి పోస్తేనే వాళ్ళకు నీళ్ళు. చేద ముట్టుకొనే వీలు లేదు. ఊట అందరిదైనప్పుడు వాళ్ళెందుకు నిలబడాలని అడగడానికి మాకు చాలా కాలం పట్టింది. మనుషులందరూ సమానంగా సృష్టించబడ్డారని రాసిన జెఫర్సన్ జీవితకాలంలో ఆరు వందల మందికి పైగా బానిసలకు యజమాని. బానిస వ్యాపారాన్ని తప్పుపడుతూ అతడు రాసిన భాగాన్ని వలసల ప్రతినిధుల సభలోని తోటి సభ్యులు ప్రకటనలోంచి కొట్టివేశారు. అయితే ఒకసారి పైకి అన్న మాట అన్నవాళ్ళ చేతిలో ఉండదు. 1781లో మసాచుసెట్స్‌లో చదువు రాని ఒక బానిస స్త్రీ, మనుషులందరూ స్వేచ్ఛగా, సమానంగా పుట్టారని ఆ రాష్ట్ర రాజ్యాంగంలోనే ఉంది గనుక తనను విడిచిపెట్టాలని కోర్టుకెక్కి గెలిచింది. ఎలిజబెత్ ఫ్రీమన్ అని పేరు పెట్టుకొంది. దేశమంతటా బానిసత్వం రద్దు కావడానికి మాత్రం 1865 దాకా ఆగవలసి వచ్చింది. ఆ స్త్రీకి అంత ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో నేను మీకు వివరించలేను; తలచుకొన్నప్పుడల్లా ఆశ్చర్యపోవడమే నాకు చేతనవును.

మీ బడి గ్రంథాలయంలో భారత రాజ్యాంగం ఉంటే అడిగి తీసుకోండి. 17వ అధికరణం, 265వ అధికరణం చదవండి, రెండూ చిన్నవే. మొదటిది గట్టుకు దూరంగా నిలబడినవారి గురించి, రెండవది బిందెకు కానీ అడిగే అధికారి గురించి. వచ్చే ఉత్తరంలో ఆ రెండింటినీ మీ చేతిరాతతో రాసి పంపండి.

ఇట్లు,
మీ తాతయ్య