జ్వరం తగ్గాక వచ్చిన రిపోర్టు

పెరంబూరు నుంచి ఒక పాఠకురాలు అడిగారు: ‘మా బాబుకి జ్వరమొస్తే గొంతులోంచి స్వాబ్ తీశారు. రిపోర్టు వచ్చేసరికి వాడు బడికి కూడా వెళ్ళిపోతున్నాడు. ఇంక ఆ టెస్టు ఎవరికోసమండీ?’

బాబు కోసమైతే ఆలస్యమే. కానీ ఫ్లూ వైరస్‌లపై నిఘా కోసం తీసిన నమూనాకి అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఫ్లూ ఉందా, ఏ రకం అన్నది పీసీఆర్ తేల్చేస్తుంది. కోవిడ్ పుణ్యమా అని దాని గురించి అందరికీ తెలుసు, వదిలేద్దాం. నాకు ముచ్చటేసేది ఆ తర్వాతి పరీక్ష. కొన్ని నమూనాల్లోని వైరస్‌ని ల్యాబులో పెంచి, అది వేషం మార్చిందా అని చూస్తారు.

ఫ్లూ వైరస్ ఎర్ర రక్తకణాలను పట్టుకుని ఒకదానికొకటి అతికిస్తుందని 1941లో జార్జ్ హర్స్ట్ గమనించాడు. 96 చిన్న గుంటలున్న ప్లాస్టిక్ ప్లేటు తీసుకోండి. గుంటలో టర్కీ కోడి రక్తకణాలు మాత్రమే ఉంటే అవి అడుక్కి జారి కుంకుమ బొట్టులా కూర్చుంటాయి. వైరస్ ఉంటే కణాలన్నీ అల్లుకుపోయి గుంటంతా పల్చగా ఎర్రబడుతుంది, బొట్టు రాదు. ఇప్పుడు పాత వైరస్ సోకిన ఫెర్రెట్ అనే జంతువు సీరమ్ (రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం) కలపండి. అందులోని యాంటీబాడీలు కొత్త వైరస్‌ని గుర్తుపడితే దాని చేతులు కట్టేస్తాయి, బొట్టు మళ్ళీ వస్తుంది. సీరమ్‌ని 1:10, 1:20, 1:40 అంటూ పలచన చేసుకుంటూ పోతారు. బొట్టు ఎక్కడిదాకా నిలిస్తే అదే టైటర్. పాత వైరస్‌తో 1:1280 దాకా నిలిచిన బొట్టు కొత్తదానితో 1:160 దాటలేదనుకోండి, తేడా ఎనిమిది రెట్లు. వ్యాక్సీన్ మార్చాలేమో అన్న టెన్షన్ అక్కడ మొదలవుతుంది. బొట్టా కాదా అని అనుమానమొస్తే ప్లేటు వంచి చూస్తారు. అసలు బొట్టయితే తడి కుంకుమలా కిందికి కారుతుంది.

ఫ్లూ రకాల్లో హెచ్3ఎన్2 మాత్రం కొరకరాని కొయ్య. ఈమధ్య రకాలు టర్కీ కణాలకు సరిగా అతుక్కోవు, గినీ పంది కణాలు వాడాలి. పైగా కణాలను పట్టుకోవడం వైరస్ మీదుండే హీమగ్లుటినిన్ అనే ప్రొటీన్ పని, అందులో న్యూరమినిడేజ్ అనే ఇంకో ప్రొటీన్ కూడా చెయ్యి పెడుతుంది. దాన్ని ఆపడానికి ఒసెల్టామివిర్ కలుపుతారు. ఫ్లూకి మనం మింగే మందే!

మన దేశం తరఫున పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1952లో మొదలుపెట్టిన ఫ్లూ నిఘా నెట్‌వర్క్‌లో ఉంది. వ్యాక్సీన్‌లో ఏ రకాలుండాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా ఫిబ్రవరిలో, సెప్టెంబరులో చెబుతుంది.

నిఘా తేల్చిన ఇంకో సంగతి: పుణెలో ఫ్లూ జులై, ఆగస్టుల్లో ఎక్కువ, చెన్నైలో అక్టోబరు, నవంబరుల్లో. వానలో తడిస్తే జ్వరమొస్తుందనే అమ్మమ్మలు కారణం తప్పు చెప్పినా నెల సరిగ్గానే చెప్పారు. వ్యాక్సీన్ పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి చెన్నైవాళ్ళు సెప్టెంబరులోనే వేయించుకోవడం మేలు.